సగం గాజుతో గద్వాల

మా ఇంట్ల నా మాటకు ఎప్పుడూ సగం విలువే. వాన పడుతుందంటే మా ఆయన వాకిట్లకు పోయి, చెయ్యి చాపి చూసి వచ్చేవాడు. కూరల ఉప్పు సరిపోయిందంటే, వేలితో తీసి నాలుకకు తగిలించుకున్నంకనే పళ్లెం ముందుకు లాక్కునేవాడు. తిమ్మాజిపేటల పుట్టినోళ్లందరం ఇట్లనే కొంచెం పెంచి మాట్లాడుతమని పెండ్లయిన కొత్తల అత్తగారింటోళ్లకు చెప్పిన. అది గుడ ఎవరూ నమ్మలేదు.

వనపర్తి బస్టాండుకు ఎదురుంగ మాకు గాజుల దుకాణం ఉండె. దుకాణమంటే పెద్దగ ఊహించుకోవద్దు. ఒక చెక్కబల్ల, దాని వెనక నేను కూసునే పీట, మూడు దిక్కుల గోడలకు వేలాడే గాజుల గుత్తులు. వెనక అర్రల మా కాపురం. గాజులు అమ్మాలంటే ముందు మాటలు అమ్మాలె. "ఈ ఎర్రగాజులు తొడిగించుకున్న బిజినేపల్లి కోడలికి అత్త నోరు వారం దినాలు మూతపడ్డదంట" అంటే కొత్త కోడండ్లు నవ్వుకుంట డజను తీసుకునేవాళ్లు. ఆకుపచ్చ గాజులు చూసి గడ్డి అనుకుని ఎద్దు వెంటబడ్డ కథ ఒకటి ఉండె. అది చెప్తే ముసలవ్వలు గుడ ఆగి వినేవాళ్లు. కొన్నది మాత్రం తక్కువ.

ఇదంతా ఎందుకంటే, నా జన్మల ఒక్కసారి నిజం నా దిక్కు నిలబడ్డది. ఆ రోజు దాన్ని నేను గుడ నమ్మలేదు.

అప్పుడు మా బిడ్డకు నాలుగేండ్లు. చేతి ఫోన్లు ఇంకా పెద్ద షావుకార్ల దగ్గరనే కనబడుతున్న రోజులు. మాకు ఫోనొస్తే పక్కనున్న ఎస్టీడీ బూతాయన గోడ మీద కొట్టి పిలిచేవాడు. మా ఆయన గద్వాలల పత్తివిత్తనాల గోదాముల పనిచేసేటోడు. పొద్దున్నే గద్వాల బస్సెక్కి పోయి, పొద్దుగూకే యాళ్లకు అదే బస్సుల తిరిగొచ్చేవాడు. ఆయన అక్క, అంటే నా ఆడబిడ్డ, నాగర్‌కర్నూల్ల ఉండేది. నేను వదినె అని పిలుస్త. మంచి మనిషే. కాకపోతే మంచిదని చెప్పేటప్పుడు ఒకసారి చుట్టూ చూసుకుని చెప్పాలె.

ఎండకాలం మొదలైతుండంగ ఒక పొద్దున గోడ మీద దెబ్బ పడ్డది. ఫోన్ల వదినె.

"మరదలా, పిల్లకు నాలుగేండ్లు నిండె. దాన్ని గుడ గాజుల గుత్తి లెక్క గోడకు తగిలేస్తవా ఏంది?"

"గట్లెందుకు వదినె, ఇంటికాడ అక్షరాలు దిద్దిపిస్తున్న."

"నువ్వు దిద్దిపిచ్చేది నాకు తెల్వదా? మా వాడకట్టుల ఇంగ్లీషు మీడియం బడి పెట్టిండ్రు. టై కడ్తరు, బూట్లేస్తరు. మా పిల్లలతోటి ఆటోల పోయొస్తది. నా దగ్గర ఉంచుకుంట. తమ్మునికి చెప్పిన, ఆలోచిస్త అన్నడు."

మా ఆయన ఆలోచిస్తనన్నడంటే అయిపోయినట్టే. అక్క చెప్పిన తర్వాత ఆ మనిషి చేసే ఆలోచన, బస్సు పోయినంక చేసే పరుగు లాంటిది. నాలుగేండ్ల పిల్ల ఇంకా నా కొంగు నోట్ల పెట్టుకుని నిద్రపోతుంది. దాన్ని నాగర్‌కర్నూల్ పంపాల్నా? ఆ భయంల నోటికొచ్చింది అనేసిన.

"దానికి అక్షరాలేంది వదినె, సదువుడే వచ్చు! బస్సు బోర్డులు సదువుతది."

వదినె వదిలిపెట్టేదా!

"అట్లనా? సరే. బడులు తెరిచే ముందర నేనే వస్త. నా కండ్ల ముందర సదవాలె. సదివితే ఇంకో ఏడాది నీ దగ్గర్నే ఉండనీ, నోరెత్త. సదవకపోతే బట్టలు సర్ది పెట్టు."

ఫోను పెట్టి బయటికొచ్చేసరికి, బస్సు బోర్డులు సదివే నా బిడ్డ బల్ల కింద కూసుని పలక నాకుతుండె. బలపం రుచి దానికి ఇష్టం. పలక ఎందుకని అడిగితే తినడానికి అని చెప్పేది.

పలకతోటి లాభం లేదనిపించింది. అప్పుడు గోడల దిక్కు చూసిన. రంగు వెలిసి అమ్ముడుపోని ప్లాస్టిక్ గాజులు ఒక గుత్తి నిండ ఉండె. కత్తికి సెగ చూపించి కోసిన. సగం గాజులు, పావు గాజులు, నిండు గాజులు. మన అక్షరాలు ఎవరు పుట్టిచ్చిండ్రో గాని వాళ్లింట్ల తప్పకుండ ఒక గాజులామె ఉండి ఉంటది. లేకపోతే ఇన్ని వంకలు, ఇన్ని గుండ్రాలు ఎట్లొస్తయి? జడపిన్ను వంచితే తలకట్టు. నుదిటి స్టిక్కరు అతికిస్తే చుక్క. నిండు గాజుకు తలకట్టు పెడితే ర. సగం గాజు బోర్లేసి నెత్తిన పిన్ను పెడితే గ.

"బోర్లా పండుకున్నడు, ఎవడే వీడు?" అంటే, "గ" అనేది బిడ్డ.

"ఎందుకు బోర్లా పండుకున్నడు?"

"కడుపునొస్తుంది."

ఒక్కొక్క అక్షరానికి ఒక రోగమో, ఒక కొట్లాటో, ఒక పెండ్లో పెట్టినం. ముందు గద్వాల మొదలుపెట్టిన. నాయిన పోయే ఊరు గదా, పిల్లకు దాని మీద పాణం. గ, ల తొందరగనే వచ్చినయి. ద్వా దగ్గర మాత్రం నాకే చెమట పట్టింది. పైన ఒక పెద్ద అక్షరం, దాని కింద ఇంకొకటి వేలాడాలె. ప్లాస్టిక్ ముక్కలతోటి ఎంత తంటాలు పడ్డా అది బల్ల మీదికెళ్లి జారిపోతుండె.

"కిందున్నది ఎవరే అమ్మా?" అని అడిగింది బిడ్డ.

"పైదాని బిడ్డ. తల్లి కొంగు పట్టుకుని వేలాడుతుంది. యాడికన్నా పంపిస్తరేమోనని భయం."

బిడ్డ ఆ ముక్కను ఇంకా పైకి జరిపి, తల్లికి ఆనిచ్చి పెట్టింది. నేను మొహం తిప్పుకుని గాజులు తుడిచిన.

గిరాకీ లేనప్పుడు బిడ్డ వీపు మీద వేలితోటి అక్షరం రాసేదాన్ని, అది ఏ అక్షరమో చెప్పాలె. కితకితలకు నవ్వి నవ్వి ఏదీ చెప్పకపోయేది. మళ్లీ దాని వంతు, నా వీపు మీద గీసేది. ఎన్ని గీసినా "ఇది ఏనుగు" అనేది. రొట్టె పిండితోటి అక్షరాలు చేసి పెనం మీద కాల్చినం. మ మాడిపోయింది. ర ను మా ఆయన తెల్వక తినేసిండు. బిడ్డ ఆ రోజంతా నాయిన కడుపు మీద చెవి పెట్టి, "ర లోపల్నే ఉంది" అని చెప్తనే ఉంది.

ఇంకొకటి గుడ ఉండె. గాజులు చుట్టడానికి పాత పేపర్లు తూకానికి తెచ్చేటోళ్లం. పగటి పూట బిడ్డను ఒళ్లో కూసోబెట్టుకుని, ఒక పేపరు విప్పి, వరుస కింద వేలు పెట్టి సదివేదాన్ని. "బిజినేపల్లి దగ్గర ఒక ఏనుగు బస్సెక్కినది. కండక్టరు టికెట్టు అడిగిండు. ఏనుగు, నాకు సగం టికెట్టే, నేను పిల్ల ఏనుగును అన్నది." పేపర్ల ఉన్నది విత్తనాల ధరలో, కరెంటు కోతలో. పేపరు ఎంత పాతదైనా ఏనుగు మాత్రం రోజూ కొత్తదే. ఒకరోజు సీటు కోసం కొట్లాడేది, ఒకరోజు పెబ్బేరుల దిగి మొక్కజొన్న కంకులు కొనుక్కునేది. బిడ్డ వేలు నా వేలి పక్కన పెట్టి, ఆ వరుస వెంబడి నడిపిచ్చేది.

ఇట్ల నడుస్తుండంగ ఒక పొద్దున బిడ్డ దుకాణం ముందు నిలబడి అరిచింది. "గద్వాల!"

చూస్తే నిజంగనే గద్వాల బస్సు. నేను ఎగిరి గంతేసిన. పక్కన చాయ హోటల్ నడిపే భాయ్‌ను పిలిచి చెప్పిన, బూతాయనకు చెప్పిన, గాజులేసుకుంటున్న ఆమె చెయ్యి అట్లనే పట్టుకుని ఆమెకు గుడ చెప్పిన. తెల్లారి మళ్లీ "గద్వాల!" ఆ తెల్లారి మళ్లీ. గడగడ చెప్తుంది. తడుముకునుడు లేదు, ఆగుడు లేదు.

ఆ గడగడనే నాకు మొదటి అనుమానం.

ఎందుకంటే, అబద్ధం ఎట్ల నడుస్తదో నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అబద్ధానికి కాలు తడబడదు. నిజమే రాళ్లు చూసుకుంట, ముండ్లు చూసుకుంట నడుస్తది. దానికితోడు అది నా బిడ్డ. కాబట్టి కన్నేసి ఉంచిన.

చూస్తే, బస్సు ఇంకా మలుపు దగ్గర ఉండంగనే చెప్తుంది. అంత దూరం నుంచి బోర్డు నాకే కనబడదు. సరే, బస్సును ఆనవాలు పడుతుందనుకున్న. ఆ బస్సు ముందట ఒక లైటు పగిలి ఒంటికన్నుతోటి ఉంటది, అద్దానికి నిమ్మకాయలు వేలాడుతయి. రోజూ నాయినను తీసుకపోయే బస్సును ఏ పిల్ల గుర్తుపట్టదు? ఇంకోరోజు వేరే గద్వాల బస్సొచ్చింది. రెండు కండ్లున్నది. అప్పుడు గుడ చెప్పింది! నా అనుమానం కొంచెం తగ్గబోతుంటే, వెనక కండక్టరు తలుపు పట్టుకుని "గద్వాల గద్వాల గద్వాల" అని బస్టాండంతా వినబడేటట్టు అరుస్తుండు. వీళ్లు ఇట్ల అరుస్తుంటే ఏ పిల్లకు సదువొస్తది?

భాయ్ మీద గుడ అనుమానమొచ్చింది. బిడ్డ చెప్పే ముందు ఒకసారి ఆయన దిక్కు చూస్తుండె. ఆయన మీసాల కింద ఏదో అంటుండె.

"భాయ్, నువ్వే చెప్తున్నవు గదా?"

"తోబా! నేను చాయ ఊదుకుంటున్న అక్కా. బేటీ నా బిస్కెట్ల డబ్బ దిక్కు చూస్తుంది, నా దిక్కు గాదు."

అదీ నిజమే కావచ్చు. ఒకనాడు బల్ల మీద గాజుముక్కలతోటి నేనే పరీక్ష పెట్టిన. గ, ద్వా, ల. "గద్వాల" అన్నది. ముక్కలు కలిపి, ల ముందుకు జరిపి, గ చివర పెట్టిన. "ఇప్పుడు?" చూడను గుడ చూడలేదు. "గద్వాల!"

ఇన్ని రోజులు నేను నేర్పింది సదువు గాదు, నా విద్యనే. చూడకుండ గట్టిగ చెప్పుడు.

మళ్లీ మొదటికొచ్చిన. ఈసారి బస్సుల ముచ్చట తీయలేదు. ఒక్క అక్షరం పట్టుకుని దాన్ని వెతుకుడు ఆట పెట్టిన. "ఈరోజు న దొంగ తప్పిచ్చుకున్నడు, ఎక్కడ దాక్కున్నడో చూడు." సబ్బు డబ్బ మీద, గోడ మీద రాసిన రాతల్ల, దవాఖాన బోర్డు మీద, భాయ్ బిస్కెట్ల మీద. దొరికితే చప్పట్లు. న దొరికింది, ర దొరికింది, క దొరికింది. కొన్ని దినాలకు ఆట మీద మోజు పోయింది దానికి. నేను పరీక్ష పెడుతున్ననని పసిగట్టింది. అప్పటి నుంచి ఏది చూపినా కావాలని తప్పు చెప్పుడు. ర చూపిస్తే "పకోడి" అంటది. కండ్లల మాత్రం ఒక నవ్వు మెరుస్తది.

అది తెలిసి తెల్వనట్టు చేస్తుందా, తెల్వక తెలిసినట్టు చేస్తుందా? పట్టుకోవడం నా వల్ల కాలేదు. నా కడుపున మళ్లీ నేనే పుట్టినట్టుంది. మా అమ్మ నన్నెట్ల భరించిందో అప్పుడు అర్థమైంది.

వదినె చెప్పినట్టే, బడులు తెరిచే ముందర వచ్చింది. అక్క వస్తుందని మా ఆయన పనికి సెలవు పెట్టిండు. ఒంటికన్ను బస్సు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి, మా దుకాణం ముందరనే ఆగింది. వదినె దిగింది. డ్రైవరు, కండక్టరు భాయ్ దగ్గర చాయకు దిగిండ్రు. ఎప్పుడూ అంతే, ఇక్కడ చాయ తాగితేనే ఆ బస్సు గద్వాల దాకా నడుస్తది.

వదినె చేతుల గుడ్డసంచి. నీళ్లిస్తే తాగలేదు, గ్లాసు పట్టుకుని దుకాణమంతా చూసింది. బల్ల మీద గాజుల అక్షరాలు చూసి, ఒక్కొక్కటి తీసి డబ్బల ఏసింది. పలక బోర్లేసింది. గోడ మీద ఏదన్న రాసిపెట్టిన్నేమోనని గాజుల గుత్తులు పక్కకు జరిపి చూసింది.

"వదినె, తనిఖీకొచ్చిన ఆఫీసరు గుడ ఇట్ల చూడడు."

"ఆఫీసరుకు నువ్వు తెల్వదు మరదలా. నాకు తెలుసు." బిడ్డను దగ్గరికి పిలిచింది. "దా అమ్మీ. నువ్వు సదువుతవంట, నిజమేనా?"

బిడ్డ నా దిక్కు చూసింది.

"అమ్మ దిక్కు చూడకు. ఓ భాయ్, నువ్వు జర అటు తిరుగు."

భాయ్ కెటిల్ పట్టుకుని గోడ దిక్కు తిరిగిండు. వదినె చుట్టూ చూసింది. నేను నేర్పింది ఏదీ ఆమెకు పనికిరాదు. నా చెయ్యి పడనిది ఒకటి కావాలె. ఎదురుంగ ఉన్న బస్సు మీద కన్ను ఆగింది.

"గా బస్సు మీద ఏం రాసి ఉందో సదువు."

లోపల్లోపల నేను ఎంత సంబరపడ్డనో చెప్పలేను. బస్టాండంతట్ల ఇంకే బస్సు దొరకలేదా ఆమెకు! నాయిన బస్సు, ఒంటికన్నుది, నిమ్మకాయలది. ఒక్క అక్షరం రాకున్నా కండ్లు మూసుకుని గద్వాల అంటది. అది సదువుడు గాదని నాకు తెలుసు, వదినెకు తెల్వదు గదా. దేవుడు ఉన్నడనుకున్న.

బిడ్డ బస్సు దిక్కు చూసింది. చెప్పలేదు. మెడ పక్కకు వంచి చూసింది. పెదవులు కదిలినయి.

"నా..."

గ అనాల్సిన నోరు నా అంటుంది!

"నా... గ... ర్... క..." మధ్యల ఊపిరి తీసుకుంది. "నాగర్‌కర్నూల్."

వదినె పక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఆయన తల కిందికి దిగింది. డ్రైవరు గుడ చాయ గ్లాసుల మొహం పెట్టి నవ్విండు.

"నేను నాగర్‌కర్నూల్ నుంచే గా బస్సుల వస్తి అమ్మీ. అది గద్వాలకు పోతుంది. మీ అత్త ఊరి పేరు చెప్తే అత్త మురుస్తదనుకున్నవా?" నా దిక్కు తిరిగింది. "మంచిగనే నేర్పినవు మరదలా. పెద్దోళ్లకు ఏది ఇష్టమో అది చెప్పుడు. నీ విద్య మొత్తం వచ్చింది దానికి."

నేను వంగి బిడ్డ భుజాలు పట్టుకున్న. "బిడ్డా, జర మంచిగ చూడు. నాయిన రోజూ ఏ బస్సెక్కుతడు?"

"గద్వాల బస్సు."

"మరి అది ఏ బస్సు?"

"నాయిన గద్వాల బస్సెక్కుతడు." దాని కండ్లల నీళ్లు తిరుగుతున్నయి. "గీడ గద్వాల లేదు అమ్మా."

గీడ గద్వాల లేదు అంటే ఏందో ఒక్కరం గుడ ఆలోచించలేదు. ఒక్కరం గుడ తలెత్తి చూడలేదు. ఎందుకు చూస్తం? మా దిక్కు బస్సులను బోర్డు చూసి ఎవరు ఎక్కుతరు? యాళ్లను చూసి, డ్రైవరు మొహం చూసి ఎక్కుతం. కొత్త డ్రైవరైతే "ఏ ఊరు పోతది" అని అడుగుతం. సదువొచ్చినోళ్లు గుడ అడుగుతరు. బోర్డు అనేది వానకు నానడానికి, ఎండకు ఎండడానికి బస్సు నెత్తిన ఉండే రేకు.

"బట్టలు సర్దు తమ్మీ" అన్నది వదినె. మా ఆయన లోపలికి పోయిండు. నేను పోలేదు. బిడ్డ నా కొంగు పట్టుకుని, "లేదు, లేదు" అని ఏడుస్తనే ఉంది. లోపల పెట్టె మూత చప్పుడైంది. దాని పూల గౌను గుర్తొచ్చింది, మొన్ననే పొడుగు దింపిన.

అంతల బస్సుల లొల్లి మొదలైంది. ఎవరో కొత్తాయన, పక్కన భార్య, రెండు పెట్టెలు. మా దిక్కోడు కాదు, మాటల్నే తెలుస్తుంది. కిటికీలకెళ్లి కిందున్న కండక్టరు మీద లేస్తుండు.

"నాగర్‌కర్నూల్ అని రాసి పెట్టి గద్వాల పోతుందంటే ఎలాగండీ? సామానంతా ఎక్కించుకున్నాం!"

"బోర్డు చూసి ఎవరన్న ఎక్కుతరా సార్?" కండక్టరుకు నిజంగనే ఆశ్చర్యమైంది. "అడిగి ఎక్కాలె గాని!"

"మరి ఆ బోర్డు ఎందుకు పెట్టుకున్నారు?"

అప్పుడు తలలు లేచినయి. మొదట భాయ్‌ది, తర్వాత డ్రైవరుది, తర్వాత నాది. వదినెది ఆఖరికి. అద్దం పైన, మట్టి కొట్టుకపోయిన రేకు మీద, నల్లటి పెద్ద అక్షరాల్ల రాసి ఉంది. నాగర్‌కర్నూల్.

ఆ రేకుకు ఒక దిక్కు నాగర్‌కర్నూల్, ఇంకో దిక్కు గద్వాల. అక్కడికి పోయినంక తిప్పి పెట్టాలె. ఆ పొద్దు తిప్పుడు మరిచిపోయిండు కండక్టరు. నాగర్‌కర్నూల్ నుంచి ఇక్కడి దాకా బస్సు నిండ ఎక్కిన జనం, దిగిన జనం, ఎవరూ చూడలేదు. వదినె ఆ రేకు కిందికెళ్లే ఎక్కి, ఆ రేకు కిందికెళ్లే దిగింది. అందర్ల చూసింది ఇద్దరే. ఊరికి కొత్తాయన ఒకడు, సదువుకు కొత్తది నా బిడ్డ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అది గడగడ చెప్పలేదు. తడుముకుంది, ఆగింది, ఊపిరి తీసుకుంది. రాళ్లు చూసుకుంట నడిచింది. నేను చెవులున్నా వినలేదు.

కండక్టరు గొణుక్కుంట బంపరెక్కి రేకు తిప్పిండు. బిడ్డ ఏడుపు ఆపి, కండ్లు తుడుచుకుని చూసింది. "గ... ద్వా... ల." వేలు చూపించింది. "అమ్మా, గీ బిడ్డ కొంగు పట్టుకునే ఉంది."

ఇగ అయిపోయిందనుకున్న. వదినె సంగతి మరిచిన.

"మరదలా," అన్నది కండ్లు చిన్నగ చేసి. "కండక్టరుతోటి ముందే మాట్లాడుకున్నవు గదా?"

"ఏంది వదినె!"

"నీకది ఒక లెక్కనా? ఎద్దును గాజులతోటి పరిగెత్తిచ్చినదానివి."

"నాకెవ్వరు ఏం చెప్పలే అక్కా," అన్నడు కండక్టరు. "పొద్దున నాగర్‌కర్నూల్ హోటల్ల చాయ తాగుకుంట మరిచిన. డిపోల చెప్పకండి, అంతే."

నిజం చెప్పాల్నంటే, ఒక్క గడియ నాలుక దురద పెట్టింది. అవును వదినె, కండక్టరును, ఆ కొత్తాయనను, ఆయన భార్యను, రెండు పెట్టెలను నేనే పిలిపిచ్చిన అని చెప్తే ఎంత బాగుంటది! అంతకంటె మంచి కథ నేను ఇంతవరకు కట్టలేదు. కాని లోపల పెట్టె తెరిచి ఉంది. నోరు మూసుకున్న. పెండ్లయినంక అదే మొదటిసారి అంటడు మా ఆయన.

వదినె తన గుడ్డసంచి ఖాళీ చేసింది. అరటిపండ్లు, ఒక టవలు, మందు సీస బల్ల మీద పెట్టింది. సంచి దులిపి, బిడ్డ ముందర పరిచింది. ఏదో బట్టల దుకాణం వాళ్లిచ్చిన సంచి. "ఇది నా ఇంట్లకెళ్లి తెచ్చిన. దీంతోటి మీ అమ్మ మాట్లాడుకోలేదు గదా. సదువు."

బిడ్డ వేలు పెట్టింది. "బ... ట్ట... ల..."

వదినె చిన్నప్పుడు కొన్నాళ్లు బడికి పోయింది, అంతే. ఆమె గుడ వంగి, బిడ్డ వేలి పక్కన తన వేలు పెట్టింది. రెండు వేళ్లు ఒకటే నడక. రెండు నోర్లు ఒకటే తీరు కదులుతున్నయి. "దు... కా..." బిడ్డ ఆగింది. వదినె గుడ ఆగింది. సంచి వాడి వాడి ఆ తర్వాతి అక్షరం సగం చెరిగిపోయి ఉంది.

"ఇదేంది అమ్మీ?"

ఇక్కడ చచ్చినమనుకున్న. బల్ల కింద నా చెయ్యి దాని కాలును తట్టబోయి ఆగింది. బిడ్డ ఆ అక్షరాన్ని చానసేపు చూసింది.

"తెల్వదు అత్తా."

"తెల్వదా?"

"మా అమ్మ గిది ఇంకా కొయ్యలేదు."

వదినె నిటారుగ నిలబడ్డది. నా దిక్కు చూసింది, బిడ్డ దిక్కు చూసింది, మళ్లీ నా దిక్కు.

"తమ్మీ," అని లోపలికి కేకేసింది. "పెట్టె మూసెయ్యి."

"ఎందుకక్కా?"

"దీనికి సదువొస్తుంది." సంచిల అరటిపండ్లు మళ్లీ ఏసుకోబోయి, బిడ్డ చేతిల పెట్టింది. "మరదలైతే ఆ చెరిగిపోయిన దగ్గర ఏదో ఒకటి చెప్పి, దానికి ఒక ఏనుగును గుడ తగిలించేది. ఇది తెల్వదంటుంది. తెల్వనిది తెల్వదని చెప్పేదానికి, తెలుసన్నది తెలిసే ఉంటది. ఉండనీ ఈ ఏడు."

పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ నాకు అనుమానమే. అన్నం తిని, పగటి మీద వదినె తిరుగు ప్రయాణమైంది. బస్సు దగ్గర నిలబడి తలెత్తి బోర్డు చూసింది. పెదవులు కదిలినయి. తర్వాత కండక్టరును అడిగింది, "నాగర్‌కర్నూలేనా?" ఆయన అవునన్నడు. ఎక్కే ముందు వెనక్కి తిరిగి మా బిడ్డ దిక్కు చూసింది. బిడ్డ తలూపినంకనే ఎక్కింది.

తెల్లారి గిరాకీ లేని యాళ్ల, బిడ్డ తనంతట తనే పేపరు తెచ్చి నా ఒళ్లో కూసుంది. నేను అలవాటు ప్రకారం వేలు పెట్టి మొదలుపెట్టిన. "బిజినేపల్లి దగ్గర ఒక ఏనుగు..."

నా వేలి మీద దాని చిన్న వేలు పడ్డది. "ఆగు."

ఆగిన. అది వరుస మొత్తం చూసింది, కింద వరుస చూసింది. మెడ పక్కకు వంచింది, బస్సును చూసినట్టు.

"ఏనుగు యాడుంది?"

ఆ క్షణాన దుకాణం మీద బాంబు పడ్డా బాగుండనిపించింది. వదినె ముందర గుడ నాకు అంత పరేషాన్ కాలేదు. పక్కన భాయ్ చాయ వడపోస్తుండు గాని చెవులు ఇటే ఉన్నయి. చేసేది లేక ఉన్నది ఉన్నట్టు సదివిన. రేపు పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదు, వినియోగదారులు సహకరించాలె. బిడ్డ వేలు నా వేలి వెంబడి చివరిదాకా వచ్చింది. ఒక్కొక్క అక్షరాన్నీ తనిఖీ చేసుకుంట వచ్చింది. అత్త పోలికే అనుకున్న.

అయిపోయినంక పేపరును ఇంకో దిక్కు తిప్పి, మళ్లీ నా వేలు పట్టుకుని మొదటి వరుస మీద పెట్టింది.

"ఇది మంచిగ లేదు అమ్మా. ఏనుగుదే సదువు."